లిస్టులో పేరు చూసుకో అల్లుడా

చిరంజీవి అల్లుడికి మీ మేనత్త దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నాయినమ్మ మోకాళ్ల నొప్పి అట్లనే ఉంది, కొత్తగా ఏం పెరగలేదు.

మొన్న ఫోన్‌లో "ఓటరు కార్డు ఉంది కదత్తా, ఇంకేం టెన్షన్" అన్నావు. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ బీఎల్వో (బూత్ లెవెల్ ఆఫీసరు, అంటే ఒక బూత్ ఓటర్ల లిస్టు చూసుకునే మనిషి) డ్యూటీ కూడా నా నెత్తినే ఉండేది. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. పోలింగ్ నాడు బడి గేటు ముందర కార్డు పైకెత్తి చూపిస్తూ గొడవ పడేది వీళ్లే. కార్డు నువ్వెవరివో చెప్తుంది, అంతవరకే దాని పని. ఓటు ఉండేది జాబితాలో. ఆ రోజు బూత్‌లో ఉన్న లిస్టులో నీ పేరు లేకపోతే ఏ కార్డు చూపించినా ఓటు వేయనివ్వరు. 2018 డిసెంబర్ 7న అసెంబ్లీ ఎన్నికలప్పుడు పేర్లు గల్లంతయ్యాయని ఎంత గోలయిందో గుర్తుందా? అప్పుడు లబోదిబోమన్న వాళ్లలో చాలామంది దగ్గర కార్డులున్నాయి.

అందుకని ముందు చేయాల్సింది లిస్టు చూసుకోవడం. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొట్టు. మూడు ఇంగ్లిషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి చూడు, అదే. పేరుంటే నియోజకవర్గం, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, బూత్ అన్నీ వస్తాయి. ఆ పార్ట్ నంబరు, సీరియల్ నంబరు రాసి పెట్టుకో, పోలింగ్ నాడు అవే అక్కరకొస్తాయి. నెట్‌లో కుదరకపోతే 1950కి ఫోన్ చేస్తే చెప్తారు. ఒకసారి చూసి ఊరుకోవద్దు. జాబితా సవరించినప్పుడల్లా ముసాయిదా వేస్తారు, అప్పుడు మళ్లీ చూసుకోవాలి.

పేర్లు ఎట్లా పోతాయంటావా? బీఎల్వో ఇంటింటికీ తిరుగుతుంది. తాళం కనిపిస్తుంది. పక్కింటోళ్లను అడిగితే "వాళ్లా, పట్నం పోయిండ్రు" అంటారు. ఎప్పుడొస్తారంటే ఎవరికీ తెలియదు. ఇంకెవరైనా ఫారం 7 పెట్టి, ఫలానా మనిషి ఊర్లో ఉండటం లేదు, పేరు తీసేయండి అని కూడా అడగొచ్చు. తీసేసే ముందు నోటీసు ఇవ్వాలి, అది నియమం. కానీ తాళం వేసిన ఇంటి తలుపుకు అంటించిన కాగితం ఎవరు చదువుతారు చెప్పు? పాలమూరు దిక్కు ముంబై, పుణె వలస పోయిన కుటుంబాలకు, దేవరకొండ తండాల వాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. చట్టం మాత్రం వాళ్ల పక్షానే ఉంది. పని కోసం కొన్నాళ్లు బయటికి పోయినంత మాత్రాన మనిషి ఆ ఊరి నివాసి కాకుండా పోడు. ఈ సంగతి నువ్వు మన ఊరి వలస పిల్లలకు కూడా చెప్పు. ఇంటి దగ్గర ఉన్న ముసలోళ్లు బీఎల్వో వచ్చినప్పుడు "పోయిండ్రు" అనకుండా "పనికి పోయిండ్రు, పండుగకు వస్తరు" అంటే చాలు, సగం గొడవ తప్పుతుంది.

ఇక నీ సంగతి వేరు. నువ్వు పనికి పోయి తిరిగొచ్చే మనిషివి కాదు. ఎల్బీ నగర్‌లో కాపురం పెట్టావు, మన ఊరికి దసరాకొస్తావు, పెళ్లిళ్లకొస్తావు. ఊర్లో ఇల్లుంది కదా అంటావేమో. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసివి కావని చట్టంలోనే రాసుంది. ఎక్కడ నిద్ర లేస్తున్నావో అక్కడే నీ ఓటు. ఓటు మార్చుకోవడానికి నీకెందుకు మనసొప్పదో నాకు తెలుసు. అసెంబ్లీ జాబితా ఆధారంగానే పంచాయతీ జాబితా తయారవుతుంది కాబట్టి, ఇక్కడ పేరు పోతే సర్పంచ్ ఎన్నికల్లో ఓటు పోతుంది. సర్పంచ్ ఎన్నికంటే అన్నదమ్ముల పిల్లలు, పాలోళ్లు, అందరి లెక్కలూ ఉంటాయి. మీ బాపు కూడా "ఉండనీయరాదు ఇక్కడనే" అంటాడు. అననీ. నీ వీధిలో మోరీ పొంగితే, నల్లా రాకపోతే నువ్వు అడగాల్సింది ఎల్బీ నగర్ ఎమ్మెల్యేను కదా, మునుగోడు ఎమ్మెల్యేను కాదు.

రెండు చోట్లా ఉంచుకుందామన్న ఆలోచన మాత్రం వద్దే వద్దు. ఒక మనిషికి ఒక్క చోటే ఓటు. దరఖాస్తులో ఇంకెక్కడా లేదని సంతకం పెట్టి, అది అబద్ధమని తేలితే ఏడాది వరకు జైలు శిక్షగానీ, జరిమానాగానీ, రెండూ గానీ పడొచ్చు. మన మునుగోడులో 2022 ఉప ఎన్నికకు ముందు కొత్త ఓట్ల దరఖాస్తులు వేలకు వేలు వచ్చిపడి, సంగతి హైకోర్టు దాకా పోయింది. అందులో చాలా దరఖాస్తులు కొట్టేశారు కూడా. అట్లాంటి లిస్టులో నీ పేరు కనబడొద్దు.

ఓటు మార్చుకోవడానికి ఫారం 8 పెట్టాలి. ఫారం 6 కాదు, ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. ఫారం 6 అనేది జీవితంలో మొదటిసారి ఓటు రాయించుకునే వాళ్లకే. ఇల్లు మారినా, నియోజకవర్గం మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా అన్నిటికీ ఫారం 8 ఒక్కటే. అది పెడితే పాత చోట పేరు తీసి కొత్త చోట ఎక్కిస్తారు. కొత్తగా ఫారం 6 పెట్టావనుకో, రెండు చోట్లా పేర్లయి చివరికి నీకే చుట్టుకుంటుంది. అడ్రసుకు ఆధార్ గానీ, కరెంటు బిల్లు గానీ, బ్యాంకు పాస్‌బుక్కు గానీ, రిజిస్టర్ చేసిన కిరాయి అగ్రిమెంటు గానీ సరిపోతుంది. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది కదా, అందుకే ముందు ఆధార్‌లో అడ్రసు మార్పించుకో. తక్కిన తిప్పలు తగ్గుతాయి.

నీ ఇంటామె ఓటు ఇంకా కల్వకుర్తిలో తల్లిగారింటి దగ్గరే ఉంది కదా. ఆమె కూడా ఫారం 8 పెట్టాలి. పెళ్లయిన ఆడపిల్లల ఓట్లు పోయేది ఎక్కువగా ఇట్లాగే. తల్లిగారి ఊర్లో బీఎల్వో "పెళ్లయిపోయింది" అని తీసేస్తుంది, అత్తగారి దిక్కున ఎవరూ రాయించరు, అయిదేండ్లు ఓటే ఉండదు. తండ్రి పేరు ఉన్నచోట భర్త పేరు మార్పించుకోవాలనుకుంటే అదీ ఫారం 8తోనే అవుతుంది. మార్చుకోవాలా వద్దా అనేది ఆమె ఇష్టం, నువ్వు బలవంతం చేయకు. ఇంటిపేరు మారకపోయినా ఓటుకు ఏ ఇబ్బందీ లేదు.

చెల్లెది కొత్త ఓటు, ఫారం 6. పద్దెనిమిది నిండేదాకా ఆగక్కర్లేదు, పదిహేడు నిండితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా కాలంలో ఇరవై ఒకటి నిండితే గానీ ఓటు లేదు, 1989లో పద్దెనిమిదికి తగ్గించారు. ఆ తర్వాత కూడా చాలా ఏండ్లు జనవరి 1 ఒక్కటే లెక్క. జనవరి 2న పుట్టిన పిల్ల ఏడాదంతా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు పెట్టారు. చెల్లె పుట్టింది ఆగస్టులో కాబట్టి అక్టోబర్ 1 లెక్కకు వస్తుంది. వయసుకు పదో తరగతి మెమో చాలు. హాస్టల్లో ఉంటుంది కాబట్టి హాస్టల్ అడ్రసుతో అక్కడైనా రాయించుకోవచ్చు, మన ఊర్లోనైనా రాయించుకోవచ్చు, చదువుకునే పిల్లలకు ఆ వెసులుబాటు ఉంది. నన్నడిగితే మన ఊర్లోనే మంచిది. రెండేండ్లకు హాస్టల్ ఖాళీ చేస్తుంది, మళ్లీ ఫారం 8 పట్టుకుని తిరగాలి.

ఫారం నింపేటప్పుడు ఒక్కటి జాగ్రత్త. ఇంగ్లిషులో పేరు కొడితే పక్కన తెలుగులో దానంతటదే వచ్చేస్తుంది, అది చాలాసార్లు తప్పుగానే వస్తుంది. దీర్ఘాలు పోతాయి, ట త అవుతుంది, ళ ల అవుతుంది. దాన్ని దిద్ది పంపాలి. ఇంట్లో వాళ్ల కార్డు నంబరు అడిగిన చోట మీ అమ్మది వేయమను, అందరూ ఒకే బూత్‌లో పడతారు. దరఖాస్తు పెట్టగానే రిఫరెన్స్ నంబరు వస్తుంది, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత బీఎల్వో చూడ్డానికి వస్తుంది. ఫోన్ చేస్తే ఎత్తండి. తెలియని నంబరని కట్ చేసి, తర్వాత "మా దరఖాస్తు రిజెక్ట్ చేసిండ్రు" అని తిట్టేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది నాకు. నిజంగానే అన్యాయంగా కొట్టేస్తే పదిహేను రోజుల్లోపు కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కార్డు పోస్టులో ఇంటికే వస్తుంది, దానికి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు.

గడువు సంగతి. నామినేషన్ల చివరి తేదీ దాటాక లిస్టులో ఒక్క పేరు కూడా ఎక్కదు. దరఖాస్తు చూడ్డానికి, అభ్యంతరాలకు కొన్ని రోజులు కావాలి కాబట్టి, అంతకు పది రోజుల ముందే పెట్టుకోవాలి. 2023లో పోలింగ్ నవంబర్ 30న అయితే, నామినేషన్లకు ఆఖరు నవంబర్ 10, ఫారాలకు ఆఖరు అక్టోబర్ 31. అంటే పోలింగ్‌కు నెల ముందే తలుపులు మూసుకున్నాయి. జనానికి ఓటు గుర్తొచ్చేదేమో మైకులు మోగిన తర్వాత. గడువు ప్రకారం మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర్లో రావాలి. ఇప్పుడు తీరిగ్గా ఉన్నప్పుడే ఈ పని కానిచ్చుకోండి.

నీకు ఇంజనీరింగ్ పట్టా ఉంది కాబట్టి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు కూడా ఉంటుంది. దాని లిస్టు వేరు, ఫారం 18. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ కొత్తగా రాయించుకోవాలి, పోయినసారి ఉందని ఊరుకుంటే లేదు.

ఇక పోలింగ్ నాడు. బీఎల్వో పంచే స్లిప్పు ఉంటే బూత్ దొరకడం సులువు, కానీ అది గుర్తింపు కాదు. ఓటరు కార్డు తీసుకుపో. అది లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పాస్‌బుక్కు, వీటిలో ఏదో ఒకటి. ఫోన్ లోపలికి రానివ్వరు, ఇంట్లో పెట్టిపో. లోపల మొదటి ఆఫీసరు నీ పేరు, సీరియల్ నంబరు గట్టిగా చదువుతాడు, పార్టీల ఏజెంట్లు వాళ్ల లిస్టుల్లో గీత కొట్టుకుంటారు. రెండో ఆయన ఎడమ చూపుడు వేలికి సిరా పెట్టి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుని చీటీ ఇస్తాడు. మూడో ఆయన చీటీ తీసుకుని మిషన్ మీట నొక్కుతాడు. అప్పుడు లోపలికి పోయి మనకు నచ్చిన గుర్తు పక్కన ఉన్న నీలం మీట నొక్కాలి. పక్కనున్న అద్దంలో నువ్వు వేసిన గుర్తు ఏడు సెకన్లు కనబడుతుంది, చూసుకుని రా. ఉప ఎన్నికలో మనకు 47 మంది అభ్యర్థులు, మూడు మిషన్లు పక్కపక్కన పెట్టారు, ముసలోళ్లు గుర్తు వెతుక్కోవడానికి ఎంత తిప్పలు పడ్డారో. అయినా 1996తో పోలిస్తే అదెంత! ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని నల్లగొండ పార్లమెంటుకు 480 మంది నిలబడితే, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఎవరూ నచ్చకపోతే చివర నోటా ఉంది. నాకు దాని మీద పెద్ద గురి లేదు గానీ, ఇంట్లో కూర్చోవడం కంటే నయమే.

రెండు చిక్కులు రావొచ్చు. ఊర్లో లేనివాళ్లు, మారిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని బీఎల్వో వేరే లిస్టొకటి తయారు చేసి ఇస్తుంది. దాన్ని ఏఎస్‌డీ లిస్టు అంటారు. అందులో నీ పేరుందని ఎవరైనా వెనక్కి పొమ్మంటే పోవద్దు. అసలు లిస్టులో పేరుండి, కార్డు చూపిస్తే, వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనిస్తారు. రెండోది, నీకంటే ముందే నీ ఓటు ఎవరో వేసిపోయి ఉండటం. అప్పుడు టెండర్ ఓటు అడుగు. బూత్‌కు పెద్దయిన ప్రిసైడింగ్ ఆఫీసరు కాగితం బ్యాలెట్ ఇచ్చి, నువ్వు ఓటేశాక వేరే కవర్లో పెడతాడు. సాయంత్రం గంట కొట్టేలోపు క్యూలో ఉంటే ఎంత రాత్రయినా ఓటు వేయనివ్వాలి, చివర నిలబడ్డ వాళ్ల నుంచి చీటీలు పంచుకుంటూ వస్తారు. ఆఫీసులో సెలవు లేదంటే, పోలింగ్ నాడు జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉందని చెప్పు.

పైసల మాట ఎత్తితే మీ బాపుకు కోపం వస్తుంది గానీ, ఇచ్చేవాడితో పాటు తీసుకునేవాడిదీ నేరమే. ఏడాది వరకు శిక్ష ఉంది. ఊరికి రప్పించడానికి పార్టీలు కార్లు, బస్సులు పెట్టడం కూడా చట్టం ఒప్పుకోదు. నీ ఓటు ఎల్బీ నగర్‌కు మారితే ఆ బండి ఎక్కే పనే ఉండదు.

నాయినమ్మకు ఎనభై అయిదు దాటాయి కాబట్టి ఇంటి దగ్గరే ఓటు వేయించొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఫారం 12డి ఇయ్యాలి, అది నేను చూసుకుంటా. ఒక్కసారి ఒప్పుకుంటే మళ్లీ బూత్‌కు పోయి వేస్తానంటే కుదరదు. ఆమేమో "నేను బడి కాడికే వస్త, నలుగురు కనబడతరు" అని మొండికేస్తుంది. ఆమెను ఒప్పించే పని నీది, నా మాట వినదు. చెల్లె ఫారం ఈ ఆదివారం మీరిద్దరూ కూర్చుని నింపండి. ముగ్గురి రిఫరెన్స్ నంబర్లూ నాకు వాట్సాప్‌లో పెట్టు, ఎక్కడిదాకా వచ్చాయో నేను చూస్తుంటా.

ఆశీస్సులతో
మీ మేనత్త