ఆట తెలియని ఇంట్లో కూడా చూడదగ్గ బేస్‌బాల్ సినిమా: ‘ది పర్‌ఫెక్ట్ గేమ్’

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బాబుకి తొమ్మిదేళ్ళు, టీమ్‌లో అందరికన్నా చిన్నగా ఉంటాడు, ఎక్కువసేపు బెంచ్ మీదే ఉంచుతున్నారు, ఈ సీజన్ అయ్యాక మానేస్తానంటున్నాడు. మీకు బేస్‌బాల్ తెలియదు కాబట్టి అందరూ కలిసి చూడగలిగే సినిమా ఏదైనా ఉందా అని అడిగారు.

ఉందండి. 2010లో విడుదలైన ‘ది పర్‌ఫెక్ట్ గేమ్’. మేం డాలస్ దగ్గర ఉంటాం. మా వాడు కూడా లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో, ఇదే దశ దాటి వచ్చాడు. వాడు బాగా డీలా పడ్డ రోజుల్లో మా ఇంట్లో అందరం కూర్చుని ఈ సినిమా చూశాం.

కథ నిజంగా జరిగింది. మెక్సికోలోని మాంటెరే ఉక్కు కర్మాగారాల ఊరు. అక్కడి కార్మికుల పిల్లలు కొందరు సీజర్ ఫాస్ అనే కోచ్ దగ్గర ఆట నేర్చుకుని, 1957 వేసవిలో టెక్సస్ సరిహద్దు ఊరు మెకాలెన్‌కి వచ్చారు. మెక్సికో వైపున్న రెనోసా నుంచి వంతెన మీదుగా నడిచి దాటారు. చేతిలో మూడు రోజుల వీసా, కొద్దిపాటి డబ్బు. మొదటి రౌండ్‌లోనే ఓడి ఇంటికి వెళ్ళిపోతారనే అందరూ అనుకున్నారు. వాళ్ళు ఓడలేదు. కార్పస్ క్రిస్టీ, ఫోర్ట్ వర్త్, అక్కణ్ణుంచి కెంటకీలోని లూయివిల్, చివరికి పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్ దాకా గెలుస్తూనే పోయారు. 1939లో లిటిల్ లీగ్ పుట్టిన ఊరు ఆ విలియమ్స్‌పోర్టే. ప్రపంచ సిరీస్ ఫైనల్ ఇప్పుడు దాని పక్కనే ఉన్న సౌత్ విలియమ్స్‌పోర్ట్‌లో జరుగుతుంది.

ఫైనల్లో ఎదురైంది కాలిఫోర్నియాలోని లా మేసా జట్టు. మీ బాబుకి ఇక్కడొక లెక్క చెప్పండి. మాంటెరే పిల్లల సగటు ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, బరువు సుమారు 42 కిలోలు. అవతలి పిల్లలు సగటున 5 అడుగుల 4 అంగుళాలు, 58 కిలోలకు దగ్గర. మా వాడు టేప్ తెచ్చి గోడ మీద ఆ రెండు ఎత్తులూ పెన్సిల్‌తో గీసి, మధ్యలో నిలబడి చూసుకున్నాడు. అంతవరకు పొట్టిగా ఉన్నానన్న మాట ఎత్తితేనే గదిలోకి వెళ్ళిపోయేవాడు.

రూల్స్ గురించి కంగారు పడకండి. క్రికెట్ చూసే ఇల్లయితే పది నిమిషాల్లో పట్టుకుంటారు. ఇక్కడ ఒక ఇన్నింగ్స్‌లో ఒక జట్టు ముగ్గురు ఔటయ్యేదాకా బ్యాటింగ్ చేస్తుంది, తర్వాత రెండో జట్టు. లిటిల్ లీగ్‌లో ఇలా ఆరు ఇన్నింగ్స్, అంటే గెలవాలంటే అవతలివాళ్ళవి 18 ఔట్లు తీయాలి. బ్యాటింగ్‌కి వచ్చిన ఒక్కరు కూడా మొదటి బేస్‌కి (పరుగు తీసే దారిలో తొలి మజిలీకి) చేరకుండా వరసగా 18 మందినీ పంపేస్తే దాన్ని పర్‌ఫెక్ట్ గేమ్ అంటారు. 1957 ఆగస్టు 23న పన్నెండేళ్ళ ఏంజెల్ మసియాస్ అదే చేశాడు. రెండు చేతులతోనూ విసరగల పిల్లాడు, ఆ రోజు కుడిచేత్తో విసిరాడు. స్కోరు 4-0. అమెరికా బయటి జట్టు లిటిల్ లీగ్ ప్రపంచ సిరీస్ గెలవడం అదే మొదటిసారి. ఫైనల్లో పర్‌ఫెక్ట్ గేమ్ మళ్ళీ ఎవరూ వేయలేదు. మరుసటి ఏడాది, 1958లో, కప్పు మళ్ళీ మాంటెరేకే వెళ్ళింది.

సినిమా గొప్ప కళాఖండమని చెప్పను. కోచ్ ప్రేమకథ దగ్గర మా ఇంట్లో పిల్లలు లేచి వంటింట్లోకి పోయారు. సంగీతం ప్రతిచోటా మనల్ని ఏడవమంటుంది. కొన్ని పాత్రలు, సంఘటనలు కథ కోసం కలిపినవి. అయినా కోచ్‌గా క్లిఫ్టన్ కాలిన్స్ జూనియర్ చాలా నమ్మకంగా చేశాడు, పాదిరీగా చీచ్ మారిన్ పిల్లలకి బాగా నచ్చాడు. ఏంజెల్ వాళ్ళ నాన్న మెప్పు కోసం ఎదురుచూసే దృశ్యాల్లో నాకు నిజంగానే కళ్ళు తడిశాయి.

మా అత్తగారు అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి ఈ ఆట ఒక్క ముక్క తెలియదు. కానీ పిల్లల వీసా గడువు అయిపోతోంది అనగానే ముందుకి జరిగి కూర్చున్నారు. పొడిగింపు కాగితం వస్తుందా రాదా అన్న టెన్షన్ మనవాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు కదా. ఆఖరి మ్యాచ్ కన్నా అక్కడే ఎక్కువ ప్రశ్నలు అడిగారావిడ: పిల్లలు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, వాళ్ళ అమ్మలకి కబురెలా అందేది అని. నిజానికి ఆ పిల్లలు చాలా రోజులు అర్ధాకలితో గడిపారు. దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు భోజనం పెట్టారు, డబ్బులిచ్చారు. కొన్నిచోట్ల హోటళ్ళు లోపలికే రానివ్వలేదు. అది అమెరికా దక్షిణాదిలో వర్ణవివక్ష చట్టబద్ధంగా నడిచిన కాలం. ఆ దృశ్యాలు వచ్చినప్పుడు సినిమా ఆపి మాట్లాడండి. “వాళ్ళేం తప్పు చేశారు?” అని మా వాడు అడిగాడు. ఏమీ చేయలేదని సూటిగా చెప్పాం. బడిలో, మైదానంలో తనకి ఎదురైనవి కొన్ని వాడు మాతో మొదటిసారి చెప్పింది ఆ రాత్రే.

ఇప్పుడు మీకు అసలు చెప్పాలనుకున్న విషయం. ఈ సినిమా చూసిన పిల్లలందరూ ఏంజెల్ అయిపోవాలనుకుంటారు. బెంచ్ మీద కూర్చునే పిల్లాడికి దానివల్ల మేలు కన్నా దిగులే ఎక్కువ కావచ్చు. అందుకని మీరు ఆ 18 ఔట్లని విడదీసి చూపించండి. ఏంజెల్ స్ట్రైక్‌లతో, అంటే బ్యాటర్ మూడుసార్లు విఫలమయ్యేలా విసిరి, పంపినవి 11. మిగిలిన ఏడింట్లో బంతి బ్యాట్‌కి తగిలింది. ఒక్కటి కూడా అవుట్‌ఫీల్డ్ దాకా పోలేదు, అన్నీ దగ్గరున్న పిల్లలే చూసుకున్నారు. ఆ ఏడింట్లో ఏ ఒక్కరి చెయ్యి జారి బ్యాటర్ బేస్ చేరినా పర్‌ఫెక్ట్ గేమ్ అక్కడితో పోయేది. ఆ 11 స్ట్రైకవుట్లకి కూడా బంతి పట్టే క్యాచర్ ఒకడు ఉండాల్సిందే. రికార్డు పుస్తకంలో పేరు ఏంజెల్‌ది. ఆ పేరు నిలబెట్టిన చేతులు చాలా ఉన్నాయి. మా వాడికి ఈ ఏడు ఔట్ల మాట పట్టుకుంది. తర్వాత ప్రాక్టీసులో బ్యాటింగ్ కోసం అడగడం తగ్గించి, నేల మీద దొర్లుకుంటూ వచ్చే బంతులు పట్టడం మీద పడ్డాడు. కోచ్ దాన్ని గమనించారు. ఇప్పుడు రెండో బేస్ దగ్గర వాడికి క్రమంగా అవకాశం వస్తోంది. ఇంకా చిన్నగానే ఉన్నాడు.

సినిమా ఒక్కటే మీ బాబు మనసు మార్చేస్తుందని నేను మాటివ్వలేను. మానేయాలన్న కోరిక వెనక వేరే కారణం ఉంటే, ఎవరైనా ఏడిపిస్తున్నారా, కోచ్ మాట తీరు బాధపెడుతోందా, ముందు అది కనుక్కోండి. సినిమా మాత్రం మ్యాచ్ ముందు రోజు పెట్టకండి, పిల్లలు దాన్ని ఒత్తిడిగా తీసుకుంటారు. ఖాళీగా ఉన్న శుక్రవారం రాత్రి చూడండి. మర్నాడు వాడంతట వాడు గ్లవ్ తీస్తే మీరు కూడా బయటికి వెళ్ళి బంతి విసరండి, ఆట రాకపోయినా ఫర్వాలేదు.