పాత రేసులు గొప్పవా, కొత్తవి గొప్పవా: తూచే ముందు చూడవలసినవి

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. విద్యార్థులు తామే కట్టిన కార్లతో దిగే ఫార్ములా భారత్ పోటీ కోసం మీ కాలేజీ జట్టు కడుతున్న కారు చట్రం వెల్డింగ్ దాకా వచ్చిందని మీ నాన్న చెప్పగా ఎంతో సంతోషించాను. ఓపెన్ వీల్ రేసింగ్, అంటే చక్రాలు బాడీ బయట ఉండే కార్ల పోటీ, మునుపటికంటే బాగుపడిందా, చెడిపోయిందా, చదువు అయ్యాక ఈ రంగంలోకి రావడం తగునా అని నీవు అడిగావు. చెన్నై దగ్గరి శోలవరం రన్‌వే మీద రేసులు జరిగిన కాలం నుంచి ఈ కార్లను చూస్తున్నవాడిని, అక్కడి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన నిలిచి డ్రైవర్లను హెచ్చరించే, ప్రమాదమైతే ఆదుకునేవాడిగా, జెండా పట్టినవాడిని కనుక నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. వాటిని దాచుకోను. అయితే ఈ ప్రశ్నను ఒక్క మాటతో తేల్చడం కుదరదు. వచ్చిన ప్రతి మార్పునూ విడిగా తీసుకొని, అది ఎవరి ప్రాణం కాపాడింది, డ్రైవరు చేతిలోని ఏ పనిని తీసేసి ఏ పనిని మిగిల్చింది, కొత్తవారికి తలుపు తీసిందా మూసిందా అని అడుగుతూ పోతే నీ తీర్పు నీకే దొరుకుతుంది.

మొదట ఒక జాగ్రత్త చెబుతాను. పాతకాలపు మెరుపులను ఇప్పటి పూర్తి రేసులతో పోల్చవద్దు. 1979లో ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో, ఈ రేసింగ్‌లో అన్నిటికంటే పై మెట్టు అయిన ఫార్ములా వన్ రేసులో, రెండో స్థానం కోసం జిల్ విల్నవ్, రెనే ఆర్నూ చక్రాలకు చక్రాలు తగిలించుకుంటూ పోరాడిన ఆ చివరి రెండు మూడు నిమిషాలను అందరూ చూపిస్తారు. 1969లో స్పెయిన్‌లో జాకీ స్టీవర్ట్, 1995లో ఆస్ట్రేలియాలో డేమన్ హిల్ తమ వెనుకవారిని రెండేసి ల్యాపుల తేడాతో వదిలేసి గెలిచిన రేసులను ఎవరూ చూపించరు. 2023లో రెడ్‌బుల్ జట్టు 22 రేసుల్లో 21 గెలిచిందని విసుక్కునేవారు, 1988లో మెక్‌లారెన్ 16లో 15 గెలిచిన సంగతి మరిచిపోతారు. 2024లో, నగర వీధుల్లోనే జరిగే మొనాకో రేసులో మొదటి పదిమంది ఏ వరుసలో బయలుదేరారో అదే వరుసలో ముగించారు, నిజమే. కానీ 1992లో అదే మొనాకోలో, కొత్త టైర్లతో ఎంతో వేగంగా ఉన్న నైజెల్ మాన్సెల్ చివరి ల్యాపుల్లో ఐర్టన్ సెన్నా కారు వెనుకకు వచ్చి, కుడివైపు ఒకసారి ఎడమవైపు ఒకసారి ముక్కు చూపించి కూడా దాటలేకపోయాడు. ఆ వీధులు అప్పటికే ఇరుకు. అందువల్ల ఒక్కో దశాబ్దం నుంచి ఒక రేసును ఎంచుకొని మొదటి నుంచి చివరి దాకా, విసుగు పుట్టించే భాగాలతో సహా చూడు. 1996 మొనాకో చూస్తే, జెండా పడేసరికి పరుగెడుతున్న కార్లు మూడే. నాటి అనిశ్చితిలో పోటీ ఎంత ఉన్నదో, యంత్రాలు తట్టుకోలేక ఆగిపోవడం ఎంత ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.

ఇక భద్రత విషయం. దీనిని ఉత్కంఠతో ఒకే తక్కెడలో పెట్టనీయకు, ఎవరు పెట్టినా ఒప్పుకోకు. 1973 జూలై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రోజర్ విలియమ్సన్ కారు తలకిందులై మంటల్లో చిక్కుకున్నది. తోటి డ్రైవరు డేవిడ్ పర్లీ తన కారు ఆపి, ట్రాక్ దాటి పరుగెత్తి, ఒంటరిగా ఆ కారును తిప్పడానికి ప్రయత్నించాడు, తానే మంటలార్పే సీసా తెచ్చి వాడాడు. అక్కడున్న మార్షళ్ళకు నిప్పును తట్టుకునే దుస్తులు లేవు. రేసు ఆగలేదు, మిగతా కార్లు పక్కనుంచి వెళుతూనే ఉన్నాయి. ఆ దృశ్యాలు నేటికీ ఉన్నాయి. మార్షల్ పని చేసినవాడెవడూ వాటిని నిబ్బరంగా చూడలేడు.

ఆ తరువాత జరిగినదానిని గొలుసుగా చూడాలి. 1978లో ఇటలీలోని మోంజాలో రేసు మొదలైన క్షణాల్లోనే రోనీ పీటర్సన్ ప్రమాదానికి గురయ్యాడు, వైద్యసహాయం ఆలస్యమైంది, మరునాడు ఆయన చనిపోయాడు. అప్పటికే ఫార్ములా వన్ వైద్యబాధ్యత చేపట్టిన డాక్టర్ సిడ్ వాట్కిన్స్ పట్టుబట్టినందువల్ల, మొదటి ల్యాపులో కార్ల వెంటనే వైద్యుల కారు కూడా వెళ్ళడం మొదలైంది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాపులోనే రోమన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెలోకి దూసుకుపోయి, రెండుగా విరిగి, నిండు ఇంధనంతో భగ్గుమన్నది. వైద్యుల కారు కొన్ని క్షణాల్లోనే అక్కడ ఉన్నది. అర నిమిషం లోపే ఆయన కాలిన చేతులతో తానుగా మంటల్లోంచి బయటికి వచ్చాడు. మోంజాలో పోయిన ప్రాణానికీ, బహ్రెయిన్‌లో దక్కిన ప్రాణానికీ మధ్య 42 ఏళ్ళ శ్రమ ఉన్నది: డ్రైవరు కూర్చునే చెక్కుచెదరని కాక్‌పిట్ గూడు, నిప్పు తట్టుకునే దుస్తులు, 2003లో తప్పనిసరి చేసిన మెడ రక్షణ పట్టీ, 2018లో వచ్చిన హేలో. కాక్‌పిట్ మీది ఆ టైటానియం చట్రం వచ్చినప్పుడు కారు అందం పోయిందని గోల చేసినవారు చాలామంది. గ్రోజాన్ కూడా మొదట దానిని వ్యతిరేకించినవాడే. ఆసుపత్రి మంచం మీదనుంచి, అది లేకపోతే ఈ రోజు మాట్లాడేవాడిని కానని ఆయనే చెప్పాడు. అమెరికాలో ఇండీకార్ అనే ఓపెన్ వీల్ పోటీ వారు కూడా, 2015లో ఎగిరివచ్చిన శకలం తగిలి జస్టిన్ విల్సన్ మరణించాక, 2020 నాటికి కాక్‌పిట్ ముందు బలమైన పారదర్శక తెర అమర్చారు.

ఓపెన్ వీల్ కార్లకు ప్రత్యేకమైన ముప్పు మరొకటి ఉన్నది, ట్రాక్ పక్కన నిలబడేవారికే అది ఎక్కువగా తెలుసు. చక్రం తెగి ఎగిరితే దానిని ఆపడానికి బాడీ ఉండదు. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఇద్దరు మార్షళ్ళు అలాగే ప్రాణాలు కోల్పోయారు. చక్రాన్ని కారుకు కట్టి ఉంచే బలమైన తాళ్ళను ఆ తరువాత మరింత గట్టిపరిచారు, ఇప్పుడు ప్రతి చక్రానికీ ఒకటికి మించి ఉంటాయి. టీవీలో కనిపించని ఈ మార్పును నేను హేలోతో సమానంగా గౌరవిస్తాను. మీ కారు సస్పెన్షన్ గీసేటప్పుడు, చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు విరిగితే చక్రం ఎటు పోతుంది అన్న ప్రశ్నను డిజైన్ మొదటి రోజునే వేసుకోండి.

పోటీ ఎందుకు మారిందో అర్థం కావాలంటే గాలిని చదవాలి. హైవే మీద పెద్ద లారీ వెనుక బైకు మీద వెళితే గాలి ఒత్తిడి తగ్గి బండి తేలికగా పోతుంది, కానీ హ్యాండిల్ వణుకుతుంది. రేసు కారుకూ అంతే. సూటి దారిలో ముందు కారు చాటు లాభం, మలుపులో నష్టం. కారు టైర్లను నేలకు అదిమేది దాని మీదుగానూ కిందుగానూ సాఫీగా పారే గాలి. ముందు కారు ఆ గాలిని చిలికి వదిలితే వెనుక కారు ముందు టైర్లు పట్టు కోల్పోతాయి, జారినకొద్దీ వేడెక్కుతాయి, వేడెక్కినకొద్దీ ఇంకా జారుతాయి. రెక్కలు పెరిగినకొద్దీ ఈ జబ్బు ముదిరింది. 2011లో తెచ్చిన డీఆర్ఎస్, అంటే ముందువాడికి ఒక సెకను లోపల ఉన్నవాడు వెనుక రెక్కలోని పలకను తెరుచుకునే ఏర్పాటు, ఈ జబ్బును కప్పిపుచ్చిందే గాని నయం చేయలేదు. సూటి దారి సగానికి రాకముందే పక్కనుంచి దాటిపోతే, ముందువాడికి కాచుకునే అవకాశమే ఉండదు. దానిని నేను ఓవర్‌టేక్‌గా లెక్కపెట్టను. 2022లో కారు అడుగున సొరంగాల ద్వారా పట్టు తెచ్చే పద్ధతికి తిరిగి వెళ్ళడం మాత్రం సరైన దారి. 1978లో మారియో ఆండ్రెట్టికి టైటిల్ తెచ్చిన లోటస్ 79 కారు సూత్రమే అది. మొదటి ఏడాది కార్లు దగ్గరగా వెంబడించగలిగాయి. తరువాత జట్లు తమ తెలివితో మళ్ళీ గాలిని బయటికి చిమ్మే మార్గాలు కనిపెట్టగా ఆ లాభం కొంత హరించిపోయింది. నిబంధన ఎంత మంచిదైనా దాని ఆయుష్షు ఇంజనీర్లు లొసుగు కనిపెట్టేవరకే.

రేసు చూసేటప్పుడు మొదటి కారును వదిలి, రెండో కారు ముందు చక్రాలను చూడు. వేగమైన మలుపులో డ్రైవరు స్టీరింగ్ ఎన్నిసార్లు సవరిస్తున్నాడో గమనించు. ఆ సవరింపులే పోటీ ఎలా ఉందో చెబుతాయి, ఓవర్‌టేకుల సంఖ్య చెప్పదు.

నాకు మనసు కష్టపెట్టే మార్పు బరువు. 2000 దశకం తొలినాళ్ళలో డ్రైవరుతో కలిపి సుమారు 600 కిలోలు ఉండిన ఫార్ములా వన్ కారు, 2014లో హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చేసరికి 691 కిలోలు, 2022 నాటికి 798 కిలోలు అయింది. భద్రత కోసమే ఇదంతా అని ఎవరైనా చెబితే లెక్క అడుగు. హేలో బరువు సుమారు 7 కిలోలే. బ్యాటరీ, మోటార్లు, పెద్ద చక్రాలు, పొడవైన అడుగుభాగం కలిసి మిగతా బరువులో పెద్ద వాటా తెచ్చాయి. బరువైన పొడవైన కారు నిదానపు మలుపులో బద్ధకంగా తిరుగుతుంది, పాత ఇరుకు ట్రాకుల్లో పక్కపక్కన రెండు పట్టవు. 2026 నిబంధనలు కనీస బరువును 768 కిలోలకు, వెడల్పును 2,000 నుంచి 1,900 మిల్లీమీటర్లకు, ముందు వెనుక చక్రాల మధ్య దూరాన్ని 3,600 నుంచి 3,400 మిల్లీమీటర్లకు తగ్గించడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. ఇంకా తగ్గాలి.

ఇంజిన్ శబ్దం గురించి ఎక్కువ చెప్పను. 2005 దాకా రాజ్యమేలిన పది సిలిండర్ల వీ10 ఇంజిన్ల కేక నాకూ ఇష్టమే, కానీ చెవికి నచ్చినది మంచి రేసుకు కొలత కాదు. చర్చించవలసినది శక్తిని పొదుపు చేయడం గురించి. 2026 నిబంధనల్లో మొత్తం శక్తిలో దాదాపు సగం విద్యుత్ నుంచే రావాలి. డ్రైవర్లు పెడల్ మీదనుంచి కాలు తీస్తూ పోతే అది రేసేనా అని చాలామంది అడుగుతున్నారు. దీనికి జవాబు మన హైదరాబాదులోనే ఉన్నది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ, అంటే పూర్తిగా విద్యుత్ కార్ల రేసును పూర్తిగా చూడు. చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర మిగిలిన శక్తి, వెనుక తరుముతున్న నిక్ క్యాసిడీ దగ్గరకంటే తక్కువ. తెర మీద ఆ శాతాలు కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కడ వదలాలో, ఎక్కడ మలుపు లోపలి గీతను మూయాలో లెక్క వేసుకుంటూ వెర్న్ గెలిచాడు. అది నిజమైన నైపుణ్యం. ఎక్కడ పొదుపు చేయాలో డ్రైవరే నిర్ణయిస్తే ఆ పని అతని చేతికి చేరినట్లు, అందరికీ ఒకే చోట కంప్యూటరే నిర్ణయిస్తే అతని చేతినుంచి పోయినట్లు. కొత్త ఫార్ములా వన్ కార్లను ఈ కొలతతోనే చూడు.

నిస్సందేహంగా చెడిన విషయం ప్రవేశం. 1970లలో ఒక చిన్న జట్టు కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజిన్, హ్యూలండ్ గేర్‌బాక్స్, ఎవరో తయారుచేసిన చట్రం కొనుక్కొని గ్రాండ్ ప్రీకి, అంటే ఫార్ములా వన్ రేసుకు, వెళ్ళగలిగేది. జట్లతో కుదిరిన 2021 ఒప్పందం ప్రకారమైతే, కొత్త జట్టు రావాలంటే ఉన్న జట్లకు 20 కోట్ల డాలర్లు పరిహారం చెల్లించవలసి ఉండేది. అదే ఏడాది వచ్చిన ఖర్చు పరిమితి పెద్ద జట్ల విచ్చలవిడితనాన్ని అదుపు చేసింది, అది మంచిదే. పిల్లల చిన్న కార్ల రేసైన కార్టింగ్ నుంచి, ఫార్ములా వన్‌కు కింద ఉండే ఎఫ్4, ఎఫ్3, ఎఫ్2 మెట్లెక్కే పిల్లవాడి తండ్రి జేబుకు మాత్రం ఏ పరిమితీ లేదు. 2015లో 17 ఏళ్ళకే మాక్స్ వెర్స్టాపెన్ రంగంలోకి దిగాక కనీసం 18 ఏళ్ళు ఉండాలన్న నిబంధన, కింది పోటీల్లో 40 పాయింట్లు సంపాదిస్తేనే లైసెన్స్ ఇచ్చే పద్ధతి వచ్చాయి. అవి సబబే అయినా, ఆ పాయింట్లు సంపాదించాలంటే ఖరీదైన సిరీస్‌లలోనే తిరగాలి. మన దేశం నుంచి 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్ చేరుకున్న ఫార్ములా వన్ మెట్టును తరువాత మరెవరూ ఎక్కలేదు. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 వరకు మూడు ఫార్ములా వన్ రేసులు జరిగి ఆగిపోయాయి. 2023లో మొదలైన భారత ఎఫ్4 పోటీ ఒక కింది మెట్టును ఇక్కడే కట్టింది, దానిని చిన్నచూపు చూడకు.

ఇప్పుడు నా తీర్పు. ప్రాణానికి విలువ పెరిగింది, ఆ ఒక్కదానికోసమే నేను పాత రోజులకు తిరిగి వెళ్ళను. డ్రైవరు పని తగ్గలేదు, మారింది. కారు అనవసరంగా లావెక్కింది. తలుపు మూసుకుపోతున్నది. నీవు ఈ రంగంలోకి రావచ్చు, కానీ రేసు గెలిపించే రెక్కల మీదకంటే బరువు తగ్గించడం, తక్కువ ఖర్చుతో బలమైన చట్రం కట్టడం వంటి పనుల మీద మనసు పెట్టు. నీలాంటివారి అవసరం అక్కడే ఎక్కువ.

సెలవుల్లో ఇరుంగాట్టుకోట్టైలో రేసు ఉన్నప్పుడు మార్షల్ శిక్షణకు పేరు ఇవ్వు. నిండు చేతుల దుస్తులు, మూసిన బూట్లు వేసుకో, జెండా పట్టుకున్నంతసేపు కార్లకు వీపు తిప్పకు. రోజంతా ఒకే మలుపు దగ్గర నిలబడి బ్రేకులు ఎక్కడ పడుతున్నాయో రాసుకొని, ఆ కాగితం నాకు పంపు. మీ కారు చట్రం బొమ్మలతో కలిపి రెండూ చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న