హీటర్ ప్లగ్గు మొదలు దగ్గర కంప్రెషన్ పోతుంటే

బెంగళూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి నీవు ఫోనులో చెప్పినదంతా శ్రద్ధగా విన్నాను. మదనపల్లెలో టమోటా లోడు ఎత్తుకుని బయలుదేరేటప్పుడు బండి ‘చఫ్ చఫ్’మని శబ్దం చేస్తోందని, ఇంజిను వేడెక్కాక అది సగం తగ్గుతోందని, యశవంతపురంలో తెల్లవారుజామున మళ్లీ సెల్ఫ్ కొడితే కాసేపు తెల్లని పొగ వదులుతోందని అన్నావు. ఒక మెకానిక్కు హెడ్ గ్యాస్కెట్టు (ఇంజిను పైభాగమైన హెడ్డుకూ కింది దిమ్మకూ మధ్య ఉండే పొర) పోయిందన్నాడు. ఇంకొకాయన హీటర్ ప్లగ్గును (చల్లని డీజిలు ఇంజిను అంటుకోవడానికి లోపల వేడి పుట్టించేది) ఒక పట్టు బిగిస్తే సరిపోతుందని స్పానరు తీశాడు. ఆ స్పానరును దూరంగా పెట్టించమని అప్పుడే చెప్పాను కానీ, కారణం విడమరచి చెప్పేలోగా నీ ఫోను చార్జింగు అయిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

నీ బండిలో ఉన్నది మెర్సిడెస్ ఓఎం 616 రకం ఇంజిను. బజాజ్ టెంపో వారి బండ్లతో మన రోడ్ల మీదికి వచ్చిన 2.4 లీటర్ల ప్రీచాంబర్ డీజిలు అది; అంటే డీజిలు ముందుగా హెడ్డులోని ఒక చిన్న గదిలో అంటుకుంటుంది. కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండరులో గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందో ఆ లెక్క, సుమారు 21కి 1. ఆరోగ్యంగా ఉన్న ఇంజినును ఊరికే సెల్ఫ్‌తో తిప్పినా ఒక్కొక్క సిలిండరులో 20 బార్లకు పైగా, అంటే బయటి గాలి ఒత్తిడికి ఇరవై రెట్లకు పైగా, ఒత్తిడి లేస్తుంది, మంట అంటుకున్నప్పుడు అంతకంటే చాలా ఎక్కువ. అంత ఒత్తిడినీ హీటర్ ప్లగ్గు దగ్గర ఆపుతున్నది దాని మర కాదు. ప్లగ్గు ఒంటి మీద, మరకు కిందుగా, గరాటు ఆకారంలో ఒక వాలు ఉంటుంది. హెడ్డులో దానికి సరిగ్గా సరిపోయే మరొక వాలు ఉంటుంది. ఆ రెండూ చుట్టూరా ఒకదానికొకటి అంటుకున్నప్పుడే గ్యాసు ఆగుతుంది. వాషరు లేదు, గ్యాస్కెట్టు లేదు. ఆ వాలు మీద వెంట్రుక మందాన మసి చేరినా, చిన్న గీత పడినా గ్యాసు దారి చేసుకుంటుంది. దారి ఉన్నంతవరకు ఎంత బిగించినా మర తెగుతుందే తప్ప గ్యాసు ఆగదు.

కాబట్టి ముందుగా గ్యాసు ఎక్కడి నుండి పోతోందో చూడాలి. బానెట్టు ఎత్తి నాలుగు ప్లగ్గుల మొదళ్లనూ టార్చి వేసి నిదానంగా చూడు. ఎండిన నల్లని మసి ఒక ప్లగ్గు చుట్టూ విసనకర్రలా పరచుకుని ఉంటే అనుమానం దాని మీదకే పోవాలి. తడిగా ఉంటే మాత్రం తొందరపడవద్దు. ఈ ఇంజినులో డీజిలు చిమ్మే నాజిల్ నుండి నాజిల్‌కు వెళ్లే మిగులు డీజిలును వెనక్కి పంపే సన్నని రిటర్న్ పైపులు గుడ్డ అల్లికతో ఉంటాయి, అవి ముదిరి చెమ్మగిల్లితే డీజిలు కారి సరిగ్గా హీటర్ ప్లగ్గుల మీదనే చేరుతుంది. ప్లగ్గు లీకు అని నా దగ్గరికి తెచ్చిన బండ్లలో ఎన్నింటికో నేను వేసింది మూరెడు రిటర్న్ పైపు మాత్రమే. అవసరం లేని ప్లగ్గును విప్పి విరగ్గొట్టుకున్నవారిని కూడా చూశాను.

ఆ తరువాత అక్కడంతా గాలి కొట్టించి, గుడ్డతో తుడిచి, బట్టల సబ్బు నీళ్లను చిక్కగా కలుపుకో. చల్లని ఇంజినును స్టార్టు చేసి ఐడిలింగులో ఉంచి, చిన్న బ్రష్షుతో ప్రతి ప్లగ్గు మొదట్లోనూ, ప్రతి నాజిల్ మొదట్లోనూ ఆ నీళ్లు అద్దు. లుంగీ కొంగు, కండువా ఫ్యాను బెల్టు దగ్గరికి పోకుండా ముందే సర్దుకోవడం మరువవద్దు. ఇంజిను తిరిగే లయకు బుడగలు లేస్తే అదే చోటు. బుడగ ప్లగ్గు మొదట్లో గాక, పైన వైరు తగిలించే కడ్డీ పక్క నుండి వస్తే వాలులో లోపం లేదు. ప్లగ్గు కడుపులోనే సీలు పోయింది, ఆ ప్లగ్గును మార్చడం తప్ప మందు లేదు. బుడగ నాజిల్ దగ్గర వస్తే నాజిల్ కింది వాషరు పోయిందన్నమాట. ఆ వాషరు ఒకసారి విప్పితే మళ్లీ పనికిరాదు. ఎక్కడా బుడగ రాకుండా శబ్దం మాత్రం వస్తుంటే సైలెన్సరు మ్యానిఫోల్డు గ్యాస్కెట్టును చూడు. అది కూడా చల్లగా ఉన్నప్పుడు ఇలాగే చప్పుడు చేసి, ఇనుము వేడికి పెరిగాక సద్దుమణుగుతుంది.

చెవికి నమ్మకం కుదరకపోతే మూరెడు రబ్బరు గొట్టం ఒక కొసను చెవి దగ్గర పెట్టుకుని రెండవ కొసను ఒక్కొక్క ప్లగ్గు దగ్గర తిప్పు. వైద్యుడి స్టెతస్కోపు కంటే అది తక్కువదేమీ కాదు.

తెల్లని పొగ సంగతి దీనితో కలపవద్దు. హీటర్ ప్లగ్గు కరెంటు పరంగా చచ్చిపోవడం ఒక జబ్బు, మొదట్లో గ్యాసు పోవడం మరొక జబ్బు; రెండూ ఒకే ప్లగ్గుకు ఉండవచ్చు, ఒకటే ఉండవచ్చు. ప్లగ్గులన్నిటికీ పోయే వైర్లను విడదీసి, మల్టీమీటరుతో ఒక్కొక్క ప్లగ్గు కడ్డీకీ హెడ్డుకూ మధ్య నిరోధం (ఓమ్‌లు) చూడు. మంచి 12 వోల్టుల ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు రెండు ఓమ్‌లకు లోపలే చూపిస్తుంది. మీటరు అసలు కదలకపోతే లోపలి తీగ తెగింది. ఆ సిలిండరు ఉదయం అంటుకోక, కాలని డీజిలే తెల్లని పొగగా పోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగుతుంది గనుక లోపం బయటపడుతుంది. అదే చెన్నై బండ్లలోనైతే ఏళ్ల తరబడి హీటర్ ప్లగ్గు ఉందన్న ధ్యాసే ఉండదు, అందుకే అక్కడి ప్లగ్గులు మసితో హెడ్డుకు అతుక్కుపోయి ఉంటాయి. నీ బండిని మీ నాన్న తెచ్చింది కూడా చెన్నై నుండే అని గుర్తుంచుకో.

ఇక విప్పడం. ఈ పని మొత్తంలో నాకు భయం ఉన్నది ఇక్కడే. మీ అమ్మ పెళ్లైన ఏడు నేను కలాసిపాళ్యంలో ఒక షెడ్డులో చేరిన కొత్త. చల్లని హెడ్డులో ఉన్న ప్లగ్గుకు స్పానరు వేసి, అది కదలకపోతే స్పానరుకు పైపు తొడిగి లాగాను. ప్లగ్గు పై సగం నా చేతిలోకి, కింది సగం హెడ్డులో ఉండిపోయాయి. హెడ్డు దింపి, లేత్ దగ్గరికి మోసి, ఆ ముక్కను తీయించడానికి నాలుగు రోజులు పట్టింది, నా నెల జీతంలో సగం పోయింది. మేస్త్రీ ఒక్క మాట అనలేదు. ఆ పైపును మాత్రం రంపంతో రెండు ముక్కలు చేశాడు.

ముందురోజు రాత్రి ప్లగ్గు మొదట్లో తుప్పు వదిలించే నూనె వేసి ఉంచు, పొద్దున మరొకసారి వేయి. బండిని పది పదిహేను కిలోమీటర్లు తిప్పి, హెడ్డు వెచ్చగా ఉండగానే పొడవాటి బాక్సు స్పానరును నిటారుగా కూర్చోబెట్టి విప్పడం మొదలుపెట్టు. పావు వంతు విప్పడం, అందులో సగం మళ్లీ బిగించడం, చుక్క నూనె వేయడం. ఇలాగే నెమ్మదిగా బయటికి తేవాలి. టార్క్ రెంచి (తిప్పే బలాన్ని కొలిచే స్పానరు) ఉంటే ఎం 10 మర (10 మిల్లీమీటర్ల మర) ప్లగ్గుకు సుమారు 35, ఎం 12 ప్లగ్గుకు సుమారు 45 న్యూటన్ మీటర్లు దాటి లాగవద్దు. అంతకూ రాకపోతే ఆపి, మళ్లీ నూనె వేసి, మరునాడు చూడు. సగం విప్పి, సెల్ఫ్ కొట్టి కంప్రెషనుతోనే ఎగరగొట్టే ఉపాయం ఎవరైనా చెబితే వినవద్దు. అది ఎగిరితే ఎవరి ముఖానికి తగులుతుందో చెప్పలేము.

నాలుగూ బయటికి వచ్చాక వరుసగా తెల్ల గుడ్డ మీద పెట్టి పోల్చు. మంచిదానికి వాలు చుట్టూ మెరిసే వలయం పూర్తిగా ఉంటుంది. లీకైనదానికి ఆ వలయాన్ని అడ్డంగా కోసినట్లు నల్లని చార ఉంటుంది. మొన ఉబ్బినా, కరిగినా ఆ ప్లగ్గును తిరిగి వేయవద్దు. వయసు అన్నిటికీ ఒకటే గనుక నేనైతే నాలుగూ మారుస్తాను. ప్లగ్గులు కొనడానికి జె.సి. రోడ్డుకు వెళ్లేటప్పుడు పాత ప్లగ్గును జేబులో వేసుకుని వెళ్లి, మర, పొడవు, ఒంటి మీద అచ్చు వేసిన వోల్టులు మూడూ కలిసిన తరువాతే డబ్బు చెల్లించు. మర ఒకటే అయి మొన పొడుగ్గా ఉన్నది వేస్తే ప్రీచాంబరు లోపల తగలవచ్చు.

కొత్త ప్లగ్గు వేయడానికి ముందు రంధ్రం శుభ్రం చేయాలి. ఈ ఇంజినుకు సరిపడే రీమరు, అంటే రంధ్రంలోని మసిని గీకి తీసే పనిముట్టు, నా దగ్గర ఉంది. దాని గాడుల్లో గ్రీసు నింపి, చేత్తోనే తిప్పితే రాలిన మసి గ్రీసుకు అంటుకుని బయటికి వస్తుంది. డ్రిల్లు మిషను పెట్టావంటే హెడ్డులోని వాలు పాడవుతుంది, అప్పుడు నిజంగానే లేత్‌కు పోవాలి. మిగిలిన మసి కోసం డీజిలు పంపు మీది స్టాప్ లీవరును (డీజిలును ఆపేది) పట్టుకుని ఉండి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, ప్లగ్గులు లేకుండానే రెండు సార్లు సెల్ఫ్ కొట్టు.

బిగించేటప్పుడు మర చివరి వరకు వేళ్లతోనే వెళ్లాలి. వేళ్లకు అడ్డుపడితే మర తప్పిందని అర్థం, వెనక్కి తీయి. తరువాత టార్క్ రెంచితో ఎం 10 అయితే 12 నుండి 18, ఎం 12 అయితే 22 నుండి 25 న్యూటన్ మీటర్లు. బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే దానిదే పైచేయి. దారం, టెఫ్లాన్ టేపు, ఎం-సీల్, రాగి వాషరు, వీటిలో ఏదీ ఆ వాలు దరిదాపులకు రాకూడదు. వైరు నట్టును చిటికెన వేలి బలంతోనే బిగించు. ఎక్కువైతే కడ్డీ లోపలి సీలు కదిలి, కొత్త ప్లగ్గే కడుపులో లీకవుతుంది.

పని అయ్యాక మళ్లీ సబ్బు నీళ్లు పట్టు. ఒక ట్రిప్పు వేసి, ఇంజిను పూర్తిగా చల్లారాక ఇంకొకసారి పట్టు. వాలు శుభ్రంగా ఉండి, ప్లగ్గు కొత్తదై, అప్పటికీ బుడగ వస్తుంటే హెడ్డులో పగులు ఉందేమోనని ప్రెషర్ టెస్టు చేయించాలి. అప్పటి వరకు హెడ్డు దించమనేవారి మాట వినవద్దు.

ఆదివారం ఉదయం లోడు దింపి నేరుగా ఇంటికి రా. శనివారం రాత్రి మదనపల్లెలోనే ప్లగ్గులకు నూనె వేసుకుని బయలుదేరితే, ఇక్కడికి చేరేసరికి హెడ్డు వెచ్చగా ఉంటుంది. రిటర్న్ పైపు ఒక మీటరు, నాజిల్ వాషర్లు నాలుగు కొని పెడతాను. మీ అత్తయ్య రాగి సంకటి చేస్తానంటోంది, మా అక్కను కూడా వెంట తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య