నిఘా సంస్థలను ఎంపీ ఎంతవరకు ప్రశ్నించగలరు?

దేశం లోపలి నిఘా చూసే ఇంటెలిజెన్స్ బ్యూరో, విదేశాల్లో నిఘా చూసే రా వంటి సంస్థల పనితీరుపై మన విజయవాడ ఎంపీ పార్లమెంటులో ఏమైనా అడగగలరా, లేక దేశ భద్రత అనగానే ఆయన నోరు కట్టేసినట్లేనా అని మీరు అడిగారు. గుంటూరు అరండల్‌పేటలో ఒక పార్లమెంటు సభ్యుని కార్యాలయంలో కొన్నేళ్లపాటు సభకు పంపే ప్రశ్నలు రాసినవాడిని కనుక, నేను చూసినంత మేరకు చెబుతాను.

ఒకసారి విశ్రాంత ఉపాధ్యాయులొకరు మా దగ్గరకు వచ్చి, ఫోన్లు రహస్యంగా వింటున్నారన్న వార్తలు చదివి కలవరపడ్డానని, దీని గురించి సభలో అడిగించాలని కోరారు. మన జిల్లాలో ఎవరెవరి ఫోన్లు వింటున్నారు, ఎవరి ఆదేశంతో వింటున్నారు అని ప్రశ్న రాసి పంపాను. దానికి అనుమతి రాలేదు. స్వభావరీత్యా రహస్యమైన విషయాలపై సమాచారం కోరకూడదని లోక్‌సభ నియమావళిలోని 41వ నియమం చెబుతుంది. దాన్ని ముందే సరిగా చదవకపోవడం నా పొరపాటే. తరువాతి సమావేశాలకు పేర్ల జోలికి పోకుండా, అప్పట్లో అమల్లో ఉన్న టెలిగ్రాఫ్ నిబంధనల్లోని 419ఏ ప్రకారం, ఫోన్లు వినేందుకిచ్చిన ఆదేశాలను పరిశీలించే సమీక్షా సంఘం ఎన్నిసార్లు సమావేశమైంది, ఎన్ని ఆదేశాలను రద్దు చేసింది అని అడిగాం. ఈసారి నక్షత్ర గుర్తు లేని ప్రశ్నగా, అంటే రాతపూర్వకంగా మాత్రమే జవాబు వచ్చే ప్రశ్నగా, అనుమతి లభించింది. వచ్చిన జవాబులో నిబంధనల వివరణ ఉంది కానీ అంకె ఒక్కటీ లేదు. మాస్టారు ఆ కాగితం మీద, అంకె ఉండవలసిన చోట ఎర్ర సిరాతో గీత గీసి, మూడో ప్రశ్న రాయమని నా చేతికిచ్చారు.

ఆ సమీక్షా సంఘానికి కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు. అంటే ఆదేశం ఇచ్చే హోం కార్యదర్శీ అధికారే, దాన్ని పరిశీలించేవారూ అధికారులే. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చి, 2024లో దాని నిబంధనలు వెలువడిన తరువాత కూడా ఈ సంఘంలో ఎన్నికైన ప్రతినిధికి చోటు దక్కలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నిఘా సంస్థల కోసమే ప్రత్యేకంగా ఏర్పడిన పార్లమెంటరీ సంఘం మన దేశంలో లేదు. 1968లో ఏర్పడిన రా గానీ, అంతకంటే ఎంతో పాతదైన ఇంటెలిజెన్స్ బ్యూరో గానీ, తమ అధికారాలనూ హద్దులనూ నిర్దేశించే ప్రత్యేక చట్టం కింద పనిచేయడం లేదు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ అలాంటి చట్టం కోసం ప్రైవేటు సభ్యుని బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా ప్రవేశపెట్టే బిల్లు, తెచ్చినా అది చట్టం కాలేదు. 1970 తరువాత ఏ ప్రైవేటు సభ్యుని బిల్లూ చట్టం కాలేదని గుర్తుంచుకుంటే అందులో ఆశ్చర్యం లేదు. సమాచార హక్కు చట్టం సైతం 24వ సెక్షన్ కింద ఈ సంస్థలను మినహాయించి, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి మాత్రమే దారి విడిచింది.

రహస్యాలు బయటపడతాయన్న భయం అర్థం లేనిది కాదు. కానీ బ్రిటన్ 1994లో చట్టం చేసి ఉభయ సభల సభ్యులతో తొమ్మిది మంది సంఘాన్ని నియమించింది, అమెరికాలో సెనేట్ 1976లోనూ ప్రతినిధుల సభ 1977లోనూ ఇలాంటి సంఘాలను ఏర్పరచుకున్నాయి. ఆ దేశాల నిఘా వ్యవస్థలు అందువల్ల మూతపడలేదు. మనకు చేతకానిదేమీ ఇందులో లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అంతవరకు మీ ఎంపీకి ఉన్న అసలు పట్టు డబ్బు మీద. హోం శాఖ పద్దుల్లో ఇంటెలిజెన్స్ బ్యూరో కేటాయింపు విడిగా కనిపిస్తుంది. 1993 నుంచి ఉభయ సభల ఎంపీలతో ఏర్పడే శాఖలవారీ స్థాయీ సంఘాలు ఆ పద్దులను పరిశీలిస్తున్నాయి. ఒక్కొక్కదానిలో 31 మంది సభ్యులుంటారు, వారిలో 21 మంది లోక్‌సభవారు. సభలోనూ సంఘంలోనూ మాట్లాడిన మాటకు రాజ్యాంగంలోని 105వ అధికరణం రక్షణ ఇస్తుంది. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్ర జాబితాలోనివి కనుక, రాష్ట్ర నిఘా విభాగం గురించి మాత్రం మీ ఎమ్మెల్యేనే అడగాలి.

మీ ఎంపీని కలిసినప్పుడు ఆయన ఏ స్థాయీ సంఘంలో ఉన్నారో ముందుగా కనుక్కోండి. హోం శాఖ సంఘమైతే, ఫోన్ల సమీక్షా సంఘం ఏటా రద్దు చేసిన ఆదేశాల సంఖ్యను అక్కడ అడగమని రాతపూర్వకంగా కోరండి. వేరే సంఘమైతే అదే ప్రశ్నను సభకు పంపమనండి. నోటీసుకు కనీసం 15 రోజుల గడువు కావాలి కనుక సమావేశాలు మొదలవక ముందే వెళ్లండి.