డైస్ తప్పితే ఏం చేయాలి: అల్లుడికి ఒక ఉత్తరం

హన్మకొండ

అల్లుడా,

నువ్వు దోస్తులతో ఆడిస్తున్న రోల్‌ప్లేయింగ్ ఆట, అదే ఒక్కొక్కరూ ఒక్కో పాత్రై డైస్ వేస్తూ కథ నడిపే ఆట, చెడిపోయిందని మొన్న ఫోన్ చేసి చెబుతుంటే నీ గొంతు బాగా దిగిపోయింది. నేలమాళిగ తాళం తీయడానికి నీ దోస్తు డైస్ వేస్తే 3 పడింది, నువ్వు "తెరుచుకోలేదు" అన్నావు. ఇంకొకడు వేశాడు, అదీ తప్పింది. కథంతా ఆ తలుపు వెనకే ఉంది. అరగంట సేపు అందరూ అక్కడే కూర్చున్నారు. గేమ్ మాస్టర్‌గా, అంటే కథ చెబుతూ ఆట నడిపేవాడిగా, నాకూ ఇలాంటి రాత్రులు గడిచాయి, అందుకే కూర్చుని రాస్తున్నా.

తప్పు డైస్‌ది కాదు. రోల్, అంటే వేసిన డైస్, తప్పితే ఏమవుతుందో నువ్వు ముందే అనుకోలేదు. అది తెలియనప్పుడు అసలు డైస్ వేయించకు. కథకు ఆ తలుపు తెరుచుకోక తప్పదంటే, తెరిచేయ్.

ఒకసారి లెక్క చూడు. పని జరగడానికి చేరాల్సిన టార్గెట్ 15, ప్లేయర్ నేర్పుకు డైస్ అంకెతో కలిపే ప్లస్ 5 ఉందనుకో. 20 ముఖాల డైస్ మీద కనీసం 10 రావాలి. 1 నుంచి 9 దాకా ఏది పడినా తప్పినట్టే, అంటే నూటికి 45 సార్లు. చేతనైన పనిలోనే ఇంత! అందుకే గెలుపుకు ఎంత ఆలోచిస్తావో ఓటమికీ అంత ఆలోచించి పెట్టుకో.

మీ కథ రుద్రమదేవి కాలపు ఓరుగల్లులో కదా. కోటకు బయట మట్టిగోడ, లోపల రాతిగోడ, చుట్టూ కందకం. మీ గూఢచారి రాత్రిపూట కందకం ఈదుతున్నాడు, 4 పడింది. "దాటలేకపోయావు" అంటే కథ అక్కడే ఆగుతుంది. నేనైతే ఇలా అంటా: "ఒడ్డు చేతికి అందింది. కానీ నడుముకు కట్టుకున్న రాజముద్ర జారి నీళ్లలో పడింది. అది లేకుండా లోపలి ద్వారం దగ్గర నిన్ను ఎవరూ నమ్మరు. దానికోసం మళ్లీ మునిగితే కాపలావాళ్లు చూస్తారు. ఏం చేస్తావ్?" ఇక్కడ ఆగి వాడి ముఖం చూడు. వాడు డైస్‌ను మర్చిపోయి ఆ నీళ్లలోకి చూస్తుంటాడు. ఆ క్షణం కోసమే నేను ఇన్నేళ్లూ ఈ ఆట ఆడిస్తున్నా.

అలాగని ప్రతి ఓటమినీ మెత్తగా చేయకు. బాణం తప్పితే తప్పిందే, బేరం చెడితే చెడిందే. నీ డైస్ కనపడకుండా పెట్టుకునే తెర చాటున 6 పడితే 16 అని చెప్పకు. మీ అమ్మమ్మ పచ్చీసు ఆడేటప్పుడు చిన్నపిల్లలకైనా గవ్వలు రెండోసారి వేయనిచ్చేది కాదు. ఏడ్చేవాళ్లం. కానీ గెలిచిన రోజు ఆ గెలుపు అచ్చంగా మాదే.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. 1 పడితే ప్లేయర్‌ను నవ్వులపాలు చేయకు. ఒకసారి నా ఆటలో విలుకాడికి 1 పడితే, బాణం నీ కాలికే గుచ్చుకుందని చెప్పాను. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. తర్వాతి వారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఇలాంటి ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో కూడా దాడికి 1 పడితే గురి తప్పుతుంది, అంతే. తాళం తీయడం లాంటి పనులకు 1 అంటే వేరే శిక్షేమీ లేదు. అతను మంచి విలుకాడే. గాలి మళ్లిందను, శత్రువు చివరి క్షణంలో డాలు ఎత్తాడను.

రోల్‌కు ముందు "తప్పితే కాపలావాళ్ల దీపాలు ఇటు తిరుగుతాయి, సరేనా?" అని అడుగు. వద్దనుకుంటే ఇంకో దారి వెతుక్కుంటారు. తెలిసి వేస్తే ఏం పడినా ఒప్పుకుంటారు.

ఇక ఆ తలుపు సంగతి. ఈ ఆదివారం ఆట అక్కడి నుంచే మొదలుపెట్టు. అరగంట సేపు తాళంతో చేసిన చప్పుడు లోపల ఎవరికో వినిపించింది. సందులోంచి దీపం వెలుగు కనపడుతుంది, లోపలి నుంచి గడియ తీస్తున్న శబ్దం. ఆ దీపం ఎవరి చేతిలో ఉందో శనివారంలోపు ఆలోచించి పెట్టుకో. 3 వేసిన నీ దోస్తుకు నువ్వే ఫోన్ చేసి తప్పకుండా రమ్మను.

నీ మామ