వాడి రేడియో పిచ్చి ఎలా వదిలించాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. హామ్ రేడియో (హాబీగా సొంత సెట్టుతో దూరాలవాళ్లతో మాట్లాడే రేడియో) లైసెన్సు తెచ్చుకున్నాడు. తన 10 వాట్ల సెట్టుకి సొంతంగా యాంప్లిఫయర్ కట్టి 80 వాట్లు చేశాడు. మాట్లాడితే పక్క ఫ్రీక్వెన్సీల మీద గరగర వస్తోందని ఎవరో చెప్పారట. నాలుగు నెలలుగా ఆ డిస్టార్షన్ (సిగ్నల్ వంకరపోవడం) తగ్గించడమే పని. ఫిల్టర్లకే మూడు వేలు పెట్టాడు. కంట్రోల్ సిస్టమ్స్‌లో బ్యాక్‌లాగ్ పడింది. కోపమొచ్చి పవర్ సప్లైని బీరువాలో పెట్టి తాళం వేశాను. తోటివాళ్లంతా ఏఐ కోర్సులు చేస్తున్నారు. వీడినీ చేర్పించాలా? ఈ ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) లైన్లో అసలు ఉద్యోగాలున్నాయా? రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పోలిక అడిగారు, చెబుతాను. కానీ మీ అసలు బెంగ జీతాల గురించి అనిపించలేదు. పోటీకి భయపడి వీడు గదిలో దాక్కుంటున్నాడేమో అన్నదే కదా మీ టెన్షన్? ఇదే బెంగతో ఏటా చాలామంది తల్లిదండ్రులు నా దగ్గరికొస్తారు. ఒకరింట్లో డ్రోన్లు, ఒకరింట్లో కీబోర్డులు, మీ ఇంట్లో యాంప్లిఫయర్. నిజంగానే దాక్కునే పిల్లలూ ఉంటారు, కాదనను.

తేడా తెలుసుకోవాలంటే వాడి నోట్‌బుక్ చూపించమనండి. బయాస్ కరెంట్ (సిగ్నల్ లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారనిచ్చే కరెంట్) ఎంత పెట్టాడు, ఎన్ని వాట్లకి ఎంత డిస్టార్షన్ వచ్చింది, ఏది మారిస్తే ఎంత తగ్గింది అన్న అంకెలు తేదీలతో ఉంటే వాడు పని చేస్తున్నట్టు. అంకెలేవీ లేకుండా నాలుగు నెలలు స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చున్నాడంటే మీ కోపంలో సగం న్యాయం ఉంది.

వాడు దేనితో కుస్తీ పడుతున్నాడో మీకు కాస్త తెలియాలి. యాంప్లిఫయర్ లోపలికి వెళ్లిన సిగ్నల్ అదే ఆకారంలో పెద్దదై బయటికి రావాలి. శక్తికి మించి తోసినా, బయాస్ సరిపోకపోయినా, మాటలోని స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి లేని స్వరాలు పుడతాయి. దీన్ని పరీక్షించడానికి హామ్‌లు 700, 1900 హెర్ట్జ్ స్వరాలు రెండూ ఒకేసారి పంపుతారు. యాంప్లిఫయర్ సరిగా లేకపోతే 3100 దగ్గర ఒకటి, క్యారియర్‌కి (మాటని మోసే మూల ఫ్రీక్వెన్సీకి) అవతలి వైపు 500 దగ్గర ఇంకొకటి మొలుస్తాయి. మన చేలో మోటారు వేస్తే పక్కచేను మునిగినట్టు, ఆ రెండూ పక్కవాళ్ల సంభాషణలో పడతాయి.

ఫిల్టర్ల మీద పెట్టిన డబ్బు ఇక్కడే పనికిరాకుండా పోయింది. 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడేవాడికి ఫిల్టర్ 14, 21 దగ్గర పుట్టే హార్మోనిక్స్‌ని (రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలని) ఆపుతుంది. అవి ఆపాలి కూడా, కాబట్టి వాటిని పారేయనివ్వకండి. కానీ ఈ గరగర అసలు సిగ్నల్‌కి రెండు మూడు కిలోహెర్ట్జ్ దూరంలోనే ఉంటుంది. అంత దగ్గరిది ఆ ఫిల్టర్‌కి అందదు. దీనికి మందు యాంప్లిఫయర్ లోపలే ఉంది: డ్రైవ్ (లోపలికి పంపే సిగ్నల్) తగ్గించడం, ట్రాన్సిస్టర్ల బయాస్ సరిచేయడం, మాట్లాడేటప్పుడు సప్లై ఓల్టేజీ కుంగకుండా చూడటం, కొంత నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చినదాంట్లో కొంత వెనక్కి తెచ్చి లోపలికెళ్లే సిగ్నల్లోంచి తీసేయడం).

ముందు వాడిని 80 వాట్ల నుంచి 40కి దిగమనండి. లెక్క ప్రకారం సిగ్నల్ 3 డెసిబెల్స్ (అంటే సగానికి) తగ్గితే, పైన చెప్పిన 3100, 500 స్వరాల డిస్టార్షన్ 9 డెసిబెల్స్ తగ్గుతుంది. అవతల వినేవాడి మీటర్లో మాత్రం తగ్గేది అర ఎస్-యూనిట్టే (సిగ్నల్ బలం చూపే మీటర్లో సగం గీత). వాట్లు తగ్గించుకోవడానికి ఆ వయసులో మనసొప్పదు, అది వేరే సంగతి. ఇంకొక మాట కూడా వాడికి చేరవేయండి. చవక స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే మీటర్‌తో) కొలుస్తుంటే, దాని ముందు 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే ముక్క) పెట్టి చూడాలి. అసలు సిగ్నల్ 10 తగ్గి డిస్టార్షన్ అంతకన్నా ఎక్కువ తగ్గితే, లేని స్వరాలు కొన్ని ఆ మీటరే పుట్టిస్తున్నట్టు.

ఇక బ్యాక్‌లాగ్. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అన్నదే టెలిఫోన్ యాంప్లిఫయర్లలో డిస్టార్షన్ తగ్గించే తిప్పల్లోంచి పుట్టింది. 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే 29 ఏళ్ల ఇంజనీరు పడవలో ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే ఆ లెక్క గీసుకున్నాడు. మీవాడు గదిలో అదే పని చేస్తూ, అదే పాఠం ఉన్న సబ్జెక్టులో తప్పాడు! తన యాంప్లిఫయర్నే ఉదాహరణగా పెట్టుకుని ఆ పుస్తకం మళ్లీ తెరవమనండి. బ్యాక్‌లాగ్ ఈసారి పోవాలి. ఈ విషయంలో వాడి పక్షాన మాట్లాడను.

ఏఐ కోర్సు గురించి నా అనుమానం దాచుకోను. కొన్నేళ్ల కిందట డేటా సైన్స్ కోర్సుల్లో చేరమని నేనే చాలామందికి చెప్పాను. కొందరు బాగుపడ్డారు. మిగతావాళ్లు సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ వచ్చారు. లైబ్రరీలో ఫంక్షన్ పిలవడం వచ్చు, ఆ డేటా ఎక్కడిది, దాంట్లో తప్పెంత అని అడిగితే నోరు మెదపరు. సొంతంగా కొలవడం నేర్చుకుంటున్న పిల్లాడిని ఆ వరుసలో నిలబెట్టడానికి తాళం వేశారా? తోటివాళ్లంతా చేరారన్నది కారణం ఎలా అవుతుందండీ? మీరు దాచింది వస్తువునే, కానీ వాడికి వినపడింది ‘నీ మీద నాకు నమ్మకం లేదు’ అని.

పోలిక మాటకొస్తే, సాఫ్ట్‌వేర్లో అవకాశాలెక్కువ, మొదటి ఉద్యోగం త్వరగా వస్తుంది. ఆర్‌ఎఫ్‌లో తలుపులు తక్కువ, చాలాచోట్ల గేట్ రాసి ఎంటెక్ చేసినవాళ్లకే తెరుచుకుంటాయి. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో వారి డీఎల్‌ఆర్‌ఎల్ (రక్షణ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్), ఆస్ట్రా మైక్రోవేవ్ కంపెనీ, విశాఖలో సమీర్ (కేంద్ర ప్రభుత్వ మైక్రోవేవ్ పరిశోధన సంస్థ) కేంద్రం ఆ తరహావి. రెండు దారులూ కలిసే చోటు కూడా ఉంది. యాంప్లిఫయర్ ఎలా వంకరపోతుందో కొలిచి, సిగ్నల్‌ని ముందుగానే దానికి ఎదురు వంచి పంపడాన్ని ప్రీడిస్టార్షన్ అంటారు. మొబైల్ టవర్లలో ఇది మామూలు విషయం. హామ్‌లకి ప్యూర్‌సిగ్నల్ అనే సాఫ్ట్‌వేర్ రూపంలో దొరుకుతోంది. అందులో లెక్కలూ ప్రోగ్రామింగే ఎక్కువ. పైథాన్ నేర్పించాలని ఉంటే తన కొలతల మీదే నేర్చుకోమనండి.

వాడిది పనికిమాలిన పిచ్చి అనుకుంటున్నారు గనుక ఒకటి చెబుతాను. 2005 మేలో శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన హామ్‌శాట్ అనే హామ్ రేడియో ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌పాండర్లు (సిగ్నల్ అందుకుని తిరిగి పంపే పరికరాలు) ఉండేవి. వాటిలో ఒకటి నెదర్లాండ్స్‌కి చెందిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి కట్టినది. హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ రేడియో సెట్లని ఎన్నో దేశాల హామ్‌లు కట్టుకున్నారు. మీవాడు అంతవాడవుతాడని నేను మాటివ్వలేను. కానీ తన గదిలో తనకి వినపడని గరగర, ఎక్కడో ఎవరికో ఇబ్బంది అవుతోందని నాలుగు నెలలు నిద్ర మానుకున్న పిల్లాడి గురించి మీరు అంత భయపడక్కర్లేదు.

బ్యాక్‌లాగ్ పరీక్ష ఫీజు కట్టిన రోజే ఆ పవర్ సప్లై ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు నోట్‌బుక్ అడగడం మర్చిపోకండి.