యుద్ధం ఎప్పుడు మొదలైందని అడిగితే, ముందు పటం తియ్యి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. డీఎస్సీలో ఎంపికై బడిలో చేరావనీ, పదో తరగతి ప్రపంచ యుద్ధాల పాఠం నీ వంతుకే వచ్చిందనీ అమ్మ ఫోనులో చెప్పింది. పిల్లలు ఏం అడుగుతారోనని బెంగగా ఉందన్నావట. ఈ పాఠానికి వచ్చే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. నా సర్వీసంతా విన్నవాటికి, ఇప్పుడు ఫోన్లలో చూసి అడిగేవి కొన్ని కలుస్తాయి. వాటిలో ఆసియాకు సంబంధించినవే ఎక్కువ తికమక పెడతాయి కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక్క అలవాటు చేసుకో. ఎవరు ఏ ప్రశ్న వేసినా, జవాబు కంటే ముందు ‘ఎక్కడ?’ అని ఎదురు ప్రశ్న వెయ్యి. ఆసియా పటం గోడకు తగిలించకుండా ఈ పాఠం మొదలుపెట్టకు. యూరప్ పటం ఒక్కటే పెట్టి చెబితే, జపాన్ ఎక్కడినుంచో ఊడిపడి అమెరికా మీద బాంబులు వేసి, తన మీద రెండు వేయించుకుని వెళ్ళిపోయిన దేశంగా పిల్లల మనసులో ఉండిపోతుంది.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైంది? పరీక్షకు 1939 సెప్టెంబరు 1, జర్మనీ పోలాండ్ మీద పడిన రోజు. అందులో మార్పు లేదు, అదే రాయమను. రాయించాక పటం దగ్గరికి పిలువు. బీజింగ్ పక్కన ఉన్న మార్కోపోలో వంతెన దగ్గర 1937 జులై 7న జపాన్, చైనా సైనికులు కాల్చుకున్నారు. అక్కడినుంచి ఎనిమిదేళ్ళు ఆ యుద్ధం ఆగలేదు. అదే ఏడాది డిసెంబరు 13న నాన్‌జింగ్ పడిపోయింది, తర్వాత వారాల తరబడి అక్కడ ఊచకోత సాగింది. ఇంకా వెనక్కి వెళితే 1931 సెప్టెంబరు 18న ఈశాన్య చైనాలోని ముక్‌డెన్ దగ్గర రైలు పట్టాల కింద జపాన్ సైనికులే పేలుడు పెట్టి, నేరం చైనా వాళ్ళ మీదకు నెట్టి, మంచూరియా మొత్తాన్ని ఆక్రమించారు. చైనా 2017 నుంచి తన పాఠ్యపుస్తకాల్లో ‘ఎనిమిదేళ్ళ యుద్ధం’ అనే మాట తీసేసి, 1931 నుంచి లెక్కపెట్టి ‘పద్నాలుగేళ్ళ యుద్ధం’ అని రాస్తోంది. బోర్డు మీద ఒక గీత గీసి ఒక్కో దేశం ఏ తేదీన యుద్ధంలోకి వచ్చిందో పిల్లల చేతే గుర్తు పెట్టించు. సోవియట్ యూనియన్ 1941 జూన్ 22, అమెరికా అదే ఏడాది డిసెంబరు. మనం 1939 సెప్టెంబరు 3. ఆ రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక్క భారతీయ నాయకుణ్ణి కూడా సంప్రదించకుండా మన దేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. దానికి నిరసనగానే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడున్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం కూడా అలాగే దిగిపోయింది. వేరే పాఠంలో విడిగా చదివే ఆ రాజీనామాలు ఈ గీత మీద చోటు చేసుకుంటే పిల్లలకు మళ్ళీ మరచిపోయే పని ఉండదు.

పెర్ల్ హార్బర్ దాడి 7వ తేదీనా, 8వ తేదీనా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. హవాయిలో 1941 డిసెంబరు 7 ఆదివారం ఉదయం. అదే క్షణంలో జపాన్‌లో 8వ తేదీ. భూగోళం పాఠంలో చెప్పే అంతర్జాతీయ దినరేఖ ఎందుకు పనికొస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు, గ్లోబు తెప్పించు. అప్పుడే ఇంకో విషయం చెప్పు: మలయాలోని కోట బారు తీరంలో జపాన్ సైన్యం దిగడం పెర్ల్ హార్బర్ మీద మొదటి బాంబు పడటానికి గంటకు పైగా ముందే మొదలైంది. తేదీలు మాత్రమే చూసేవాడికి మలయా తర్వాత జరిగినట్టు కనిపిస్తుంది. ఆ తీరాన్ని కాచినవాళ్ళలో మన భారతీయ సైనికులున్నారు.

ఆ వెనకే ‘అంత పెద్ద అమెరికాతో జపాన్ ఎందుకు పెట్టుకుంది?’ అని వస్తుంది. ఇక్కడ తొందరపడకు, ఒక పీరియడ్ మొత్తం పోయినా ఫరవాలేదు. పొగరు, పిచ్చి అని తేల్చేసే జవాబులు పిల్లలకు నచ్చుతాయి. వాటిని ఒప్పుకోకు. చమురు దారి పట్టుకుని నడిపించు. చైనాలో యుద్ధం ముగియక జపాన్ ఇరుక్కుపోయింది. 1940 సెప్టెంబరులో ఫ్రెంచి ఇండోచైనా ఉత్తర భాగంలోకీ, 1941 జులైలో దక్షిణ భాగంలోకీ సైన్యాన్ని దింపింది. అప్పుడు అమెరికా తన దగ్గరున్న జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, చమురు అమ్మకం ఆగిపోయింది. బ్రిటనూ డచ్చివాళ్ళూ అదే బాట పట్టారు. జపాన్ వాడే చమురులో సుమారు 80 శాతం అమెరికాదే. చైనా నుంచి వెనక్కి రావాలి, లేదా చమురు ఉన్న చోటు ఆక్రమించాలి. చమురు ఉన్నది డచ్చివాళ్ళ చేతిలో ఉన్న సుమత్రా, బోర్నియోలలో. ఆ దారికి ఒక పక్క బ్రిటిష్‌వాళ్ళ సింగపూర్, ఇంకో పక్క అమెరికావాళ్ళ ఫిలిప్పీన్స్, దూరాన హవాయిలో అమెరికా నౌకాదళం. పటం మీద వేలు పెట్టి ఇవి నాలుగూ చూపిస్తే, అన్ని చోట్లా ఇంచుమించు ఒకేసారి దాడి ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే కారణం చెప్పడం వేరు, సమర్థించడం వేరు అని ఆ రోజే స్పష్టం చెయ్యి. లేకపోతే మర్నాడు ఎవరో తండ్రి బడికి వచ్చి, టీచరమ్మ జపాన్‌ను వెనకేసుకొచ్చిందట కదా అని అడుగుతాడు. నవ్వకు, అలాంటివీ జరుగుతాయి.

మొదటి యుద్ధంలో కూడా జపాన్ జర్మనీ పక్షమే అనుకునేవాళ్ళు తరగతిలో సగం మంది ఉంటారు. కాదు. 1902 నుంచి జపాన్‌కు బ్రిటన్‌తో ఒప్పందం ఉంది. 1914 ఆగస్టు 23న జర్మనీ మీదే యుద్ధం ప్రకటించి, చైనా తీరంలో జర్మనీ ఏలుతున్న చింగ్‌డావ్ రేవును నవంబరులో పట్టుకుంది. తర్వాత చైనా కూడా మిత్రపక్షంలోనే చేరింది. దాదాపు 1,40,000 మంది చైనా కూలీలు ఫ్రాన్సు వెళ్ళి కందకాలు తవ్వారు, రేవుల్లో మూటలు మోశారు. ఇంత చేసినా వర్సాయి శాంతి ఒప్పందంలో చింగ్‌డావ్ ఉన్న షాన్‌డాంగ్ ప్రాంతంలోని జర్మనీ హక్కులు చైనాకు తిరిగి రాలేదు, జపాన్‌కు దక్కాయి. 1919 మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చింది అందుకే. ఆధునిక చైనా రాజకీయాలు ఆ రోజు నుంచి మొదలయ్యాయని నేను గట్టిగానే అంటాను. మన దేశం సంగతి అడిగితే జర్మన్ నౌక ఎమ్డెన్ 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులో చమురు ట్యాంకులు పేల్చిన కథ చెప్పు, హుషారుగా వింటారు. ఆ హుషారు దిగకముందే మెసొపొటేమియాలోని, అంటే ఇప్పటి ఇరాక్‌లోని, కూట్ గురించీ చెప్పు. 1916 ఏప్రిల్ 29న అక్కడ లొంగిపోయిన సుమారు 13,000 మందిలో ఎక్కువ మంది మనవాళ్ళే.

‘యుద్ధం మన దాకా వచ్చిందా?’ అన్న ప్రశ్న కోసం ఎదురుచూడు, రాకపోతే నువ్వే రప్పించు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది, మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం తక్కువే, భయం మాత్రం తీరమంతా పాకింది. విశాఖలో, మద్రాసులో జనం ఇళ్ళకు తాళాలు వేసి లోపలి ఊళ్ళకు పోయారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో మన తీర జిల్లాలవాళ్ళు వేల సంఖ్యలో ఉండేవాళ్ళు. ‘రంగం వెళ్ళాడు’ అనే మాట అప్పటి ఇళ్ళలో మామూలు. బర్మా నుంచి సుమారు అయిదు లక్షల మంది భారతీయులు పారిపోయి వచ్చారని అంచనా. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు ఓడెక్కారు, మిగిలినవాళ్ళు అరకాన్ వైపో, మణిపూర్ కొండల వైపో నడిచారు. ఎంతమంది దారిలోనే పోయారో సరిగ్గా లెక్కే లేదు. నీ బడి తీరానికి దగ్గరే కాబట్టి, ఇంట్లో రంగం వెళ్ళి వచ్చినవాళ్ళ కబుర్లు ఏమైనా ఉన్నాయేమో అడిగి రాసుకురమ్మను. తేదీలూ ఊర్లూ తర్వాత నువ్వు సరిచూడు. తాతలు చెప్పినవాటిలో ఏళ్ళు అటూ ఇటూ అవుతాయి, విషయం పోదు. ఆ మర్నాడు 1943 బెంగాల్ కరవు చెప్పు. బర్మా బియ్యం ఆగిపోవడం, సైన్యానికి కొనుగోళ్ళు, ధరలు పెరగడం, శత్రువుకు దొరక్కూడదని ప్రభుత్వమే తీరప్రాంతంలో పడవలు లాక్కోవడం, ఇవన్నీ కలిసి సుమారు 30 లక్షల మంది ప్రాణాలు తీశాయి. ప్రకృతి వైపరీత్యం అని ఒక్క ముక్కలో దాటేసే గైడు నీ చేతికి వస్తే పక్కన పెట్టెయ్యి.

నేతాజీ గురించి అడిగేటప్పుడు పిల్లల గొంతులు మారిపోతాయి. గౌరవంగానే చెప్పు, పూర్తిగా చెప్పు. సింగపూర్‌లో బందీలైన భారతీయ సైనికులతో మొదలైన సైన్యం అది. 1943 అక్టోబరు 21న సింగపూర్‌లోనే ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర రెండు పక్షాల్లోనూ భారతీయులు ఉన్నారు. అప్పటికి బ్రిటిష్ భారత సైన్యం ఇరవై లక్షలు దాటింది, యుద్ధం ముగిసేసరికి 25 లక్షలయింది. జపాన్ కాగితం మీద ఆజాద్ హింద్‌కు అప్పగించిన అండమాన్‌లోనే జపాన్ సైనికులు భారతీయులను కాల్చి చంపారు. నేతాజీ సైనికుల మీద ఎర్రకోటలో విచారణలు జరిగినప్పుడు దేశమంతా వాళ్ళ పక్షాన నిలబడింది. ఇవన్నీ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచకు.

అణుబాంబు అవసరమా, కాదా? దీని మీద చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టే పని మాత్రం చెయ్యకు. అటూ ఇటూ జట్లు కడతారు, ఎవరూ ఏమీ నేర్చుకోరు. తేదీల వరస రాయించు. 1945 మార్చి 9 రాత్రి తెల్లవారేలోగా మామూలు నిప్పుబాంబులతోనే టోక్యోలో సుమారు లక్ష మంది చనిపోయారు. జులై 26న మిత్రపక్షాల పోట్స్‌డామ్ ప్రకటన జపాన్‌ను లొంగిపొమ్మంది. ఆగస్టు 6న హిరోషిమా. 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించింది. 9న తెల్లవారకముందే మంచూరియాలోకి దిగింది, ఆ పగలే నాగసాకి మీద రెండో బాంబు. ఆ రోజు అసలు లక్ష్యం కోకురా, పైనుంచి ఊరు కనబడక విమానం నాగసాకికి మళ్ళింది. రెండో బాంబు వార్త వచ్చాక కూడా జపాన్ యుద్ధ మండలిలో ఆరుగురు ముగ్గురు ముగ్గురుగా చీలిపోయి ఉన్నారు. చివరికి చక్రవర్తి జోక్యం చేసుకున్నాడు, 15న రేడియోలో మాట్లాడాడు, సెప్టెంబరు 2న సంతకాలయ్యాయి. ఏ తేదీకి ఎవరికి ఏం తెలుసో పక్కన రాయమను. లొంగుబాటుకు బాంబు కారణమా, సోవియట్ దాడి కారణమా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సోవియట్ దాడికి మన తరగతుల్లో దక్కాల్సినంత చోటు దక్కడం లేదని నా అభిప్రాయం. నీ అభిప్రాయం వేరయితే అదే చెప్పు, ఇది అభిప్రాయం అని మాత్రం చెప్పి చెప్పు.

మృతుల లెక్కల దగ్గర ‘సుమారు’ అనే మాట వదలకు. సోవియట్ యూనియన్ 2.7 కోట్లు, చైనా 1.4 కోట్ల నుంచి 2 కోట్ల దాకా అంటారు. జపాన్ వేయించిన థాయ్‌లాండ్-బర్మా రైలుమార్గం పనిలో చనిపోయిన యుద్ధ బందీలకు సమాధులు, పేర్లు ఉన్నాయి. అంతకు ఎన్నో రెట్లు చనిపోయిన ఆసియా కూలీలకు చాలావరకు అవి లేవు. వాళ్ళలో మలయా తోటల నుంచి తీసుకెళ్ళిన తమిళులూ తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఇక పిల్లలు ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది: జపాన్ లొంగిపోయాక ఆసియాలో ఏమైంది? ఆగస్టు 10 అర్ధరాత్రి ఇద్దరు అమెరికన్ సైనికాధికారులు పటం ముందేసుకుని 38వ అక్షాంశం దగ్గర కొరియాను రెండుగా గీశారు. ఆగస్టు 17న ఇండోనేషియా, సెప్టెంబరు 2న వియత్నాం స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. డచ్చివాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తిరిగి వచ్చేదాకా అక్కడ శాంతిభద్రతల పేరుతో బ్రిటన్ పంపింది మన భారతీయ సైనికులనే. సైగాన్‌లో అయితే నిన్నటి శత్రువులైన జపాన్ సైనికులను కూడా వాళ్ళతో పాటు కాపలా పెట్టారు. నవంబరు 10న మొదలైన సురబయ యుద్ధాన్ని ఇండోనేషియా ఇప్పటికీ వీరుల దినంగా జరుపుకుంటుంది. అక్కడ ఎదుటి పక్షంలో నిలబడింది మనవాళ్ళు. కొందరు మాత్రం తుపాకులతో సహా ఇండోనేషియన్ల వైపు వెళ్ళిపోయారు. సిలబస్‌లో లేకపోయినా చివరి పీరియడ్‌లో ఒక అరగంట దీనికి ఉంచు.

ఆసియా పటం పెద్దది నా దగ్గర ఒకటుంది, తమ్ముడు వచ్చినప్పుడు పంపిస్తాను. మడతల దగ్గర చిరిగింది, వెనక గుడ్డ అంటించుకో. పాఠం అయ్యాక పిల్లలు కొత్తగా ఏమేం అడిగారో రాయి.

ఇట్లు,
మీ మామయ్య